బిల్లు పెట్టారు సరే, మా అమ్మాయి హెచ్-4 సంగతేంటి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. పన్నెండేళ్లుగా అమెరికాలో, అయోవా రాష్ట్రం బెటెండార్ఫ్‌లో ఉంటున్నాం. నాది ఉద్యోగ వీసా హెచ్-1బి, మా అమ్మాయిది దాని మీద ఆధారపడి 21 ఏళ్లు నిండేదాకా పిల్లలకిచ్చే హెచ్-4. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో రెండో కేటగిరీ ఈబీ-2లో నా ప్రయారిటీ డేట్, అంటే క్యూలో చేరిన తేదీ, 2016 ఫిబ్రవరి. కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్ ఐ-140ని ప్రీమియంలో (అదనపు ఫీజుతో త్వరగా తేల్చే పద్ధతిలో) వేయలేదు, అప్రూవ్ కావడానికి ఏడు నెలలు పట్టింది. మా అమ్మాయి ఎనిమిదేళ్లప్పుడు మాతో వచ్చింది, ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతోంది. వచ్చే వేసవిలో 21 నిండుతాయి. మా కాంగ్రెస్ సభ్యురాలు మిల్లర్-మీక్స్ ఇలాంటి పిల్లల కోసమే బిల్లు పెట్టారని, ఇక భయం లేదని మా వాట్సాప్ గ్రూపులో అంటున్నారు. నిజమేనా? మేం సిటిజన్లం కాదు, ఆవిడ ఆఫీసుకి వెళ్తే పట్టించుకుంటారా?

జవాబు: బిల్లు పెట్టిన మాట నిజం. భయం లేదన్న మాట మాత్రం నిజం కాదు.

మరియానెట్ మిల్లర్-మీక్స్ రిపబ్లికన్. కంటి డాక్టరు, సైన్యంలో పనిచేసి వచ్చారు. 2020లో దాదాపు 4 లక్షల ఓట్లు పోలైన నియోజకవర్గంలో కేవలం 6 ఓట్ల తేడాతో గెలిచారు. అలా గెలిచిన మనిషి నియోజకవర్గంలో ఎవరి మాటనూ తేలిగ్గా తీసుకోలేరు, ఓటు లేని మీలాంటి వాళ్ల మాటతో సహా. 2021 ఏప్రిల్‌లో అయోవా సిటీలో పెరిగిన ఒక భారతీయ విద్యార్థిని అమెరికా కాంగ్రెస్ దిగువ సభ, హౌస్ సబ్‌కమిటీ ముందు తన పరిస్థితి చెప్పుకుంది. పసితనంలో చట్టబద్ధంగా వచ్చింది, ఇక్కడే చదువుకుంది, 21 నిండేసరికి డిపెండెంట్ హోదా పోయింది. ఆ ఏడాదే మిల్లర్-మీక్స్, నార్త్ కరోలినాకు చెందిన డెమొక్రాట్ డెబొరా రాస్‌తో కలిసి ‘అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్’ బిల్లులో భాగమయ్యారు. సెనేట్‌లో ఇదే బిల్లును అలెక్స్ పడీయాతో కలిసి పెట్టింది కెంటకీకి చెందిన ర్యాండ్ పాల్. ఆయన కరడుగట్టిన కన్సర్వేటివ్. సరిహద్దు విషయంలో గట్టిగా ఉండేవాళ్లు ఇందులోకి ఎలా వచ్చారని మీకు అనిపించవచ్చు. ఈ పిల్లలు దొంగదారిన వచ్చినవాళ్లు కాదు, వీసా స్టాంపు వేయించుకుని తల్లిదండ్రుల చేయి పట్టుకుని విమానం దిగినవాళ్లు. కాబట్టి వీళ్లకు మద్దతిస్తే కన్సర్వేటివ్ ఓటరుకు సంజాయిషీ చెప్పుకోవడం కష్టం కాదు. ఇలాంటి పిల్లలు దేశంలో 2 లక్షలకు పైగా ఉంటారని అంచనా.

ఆ బిల్లులో ఉన్నది మీకు చక్కగా సరిపోతుంది. పదేళ్లు చట్టబద్ధంగా దేశంలో ఉండి, అందులో కనీసం నాలుగేళ్లు డిపెండెంట్‌గా గడిపి, ఇక్కడ డిగ్రీ పూర్తి చేస్తే గ్రీన్ కార్డుకు దారి ఇవ్వాలని అందులో రాశారు. పిల్లల వయసును గ్రీన్ కార్డు ప్రక్రియ మొదలైన తేదీ దగ్గరే నిలిపేయాలన్నది ఇంకో అంశం. అదే చట్టమైతే మీ అమ్మాయి వయసు 2016 దగ్గర ఆగిపోతుంది. కానీ కాలేదు. 2022లో ఇలాంటి రక్షణనే రక్షణ శాఖ వార్షిక బిల్లులో సవరణగా చేర్చి హౌస్ ఆమోదించింది, తుది బిల్లులో దాన్ని తీసేశారు. 2021 బిల్లు ఆ కాంగ్రెస్ గడువుతోనే పోయింది. 2023లో మళ్లీ పెట్టిన బిల్లు 2025 జనవరి 3న, ఆ కాంగ్రెస్ ముగిసినప్పుడు పోయింది. అక్కడ రెండేళ్లకోసారి పలక తుడిచేస్తారు, చట్టం కాని బిల్లుకు మళ్లీ మొదటి నుంచే ఓనమాలు. ఎన్నిసార్లు పెట్టినా రెండు సభలూ పాస్ చేసి అధ్యక్షుడి సంతకం పడేదాకా, వీసా, గ్రీన్ కార్డు దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ దాన్ని పట్టించుకోదు. బిల్లు నడుస్తోంది కదా అని మీ అమ్మాయి హోదా ఒక్క రోజు కూడా పొడిగించరు.

ఇక ఇప్పుడున్న చట్టంతో లెక్క చూద్దాం. 2002 నాటి చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ ప్రకారం, వీసా నంబరు అందుబాటులోకి వచ్చిన రోజున, అంటే గ్రీన్ కార్డు క్యూలో మీ వంతు వచ్చిన రోజున, పిల్లల వయసు చూసి, అందులోంచి ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేస్తారు. మిగిలింది 21 లోపు ఉంటే బిడ్డ కింద లెక్క. మీరు ప్రీమియం వేయకపోవడం ఇక్కడ కలిసొచ్చింది, ఏడు నెలలు తగ్గుతాయి. పదిహేను రోజుల్లో అప్రూవల్ వచ్చిందని అప్పట్లో పార్టీ చేసుకున్నవాళ్లకు ఈ తగ్గింపు దాదాపు లేనట్టే. అయినా మీ విషయంలో ఏడు నెలలు చాలవు. ఇండియా ఈబీ-2 ఫైనల్ యాక్షన్ డేట్ (ఏ తేదీ దాకా క్యూలో చేరినవాళ్లకు గ్రీన్ కార్డు ఇస్తున్నారో అది) 2025 చివరికి కూడా 2013 దాటలేదు. మీది 2016. పైగా 2023 ఫిబ్రవరి నుంచి కాస్త ముందుండే ‘డేట్స్ ఫర్ ఫైలింగ్’ (దరఖాస్తు వేసుకోనిచ్చే తేదీల) చార్టును వయసు లెక్కకు వాడుకోనిచ్చేవారు. 2025 ఆగస్టు 15 నుంచి వేసే దరఖాస్తులకు ఆ వెసులుబాటు తీసేసి ఫైనల్ యాక్షన్ చార్టుకే తిప్పారు.

కాబట్టి వేసవిలోపు చేయాల్సిన పని విద్యార్థి వీసా హోదా ఎఫ్-1కి మారడం. అమ్మాయి చదువుతున్న యూనివర్సిటీలోనే ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసుకి వెళ్లి, హెచ్-4 నుంచి ఎఫ్-1కి మారాలి, అందుకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం ఐ-20 కావాలని చెప్పాలి. ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూపించే బ్యాంకు స్టేట్‌మెంట్, మీ సపోర్ట్ లెటర్ అడుగుతారు. విదేశీ విద్యార్థుల రికార్డుల వ్యవస్థకు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు కట్టి, హోదా మార్పు దరఖాస్తు ఐ-539ని 21వ పుట్టినరోజుకు ముందే యూఎస్‌సీఐఎస్‌కు అందేలా వేయాలి. నిర్ణయం తర్వాత వచ్చినా ఫర్వాలేదు, దరఖాస్తు ముందే చేరడం ముఖ్యం. మూడు నాలుగు నెలల ముందు వేస్తే టెన్షన్ ఉండదు.

ఇక్కడ చాలామంది బోల్తాపడే చోటు ఒకటుంది. అమ్మాయి ఐ-94, అంటే దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో రాసిన ప్రవేశ పత్రం, తీసి చూడండి. ఎయిర్‌పోర్టులో కొన్నిసార్లు మీ ఐ-94 తేదీనే పిల్లలకూ వేసేస్తారు, అది 21వ పుట్టినరోజు దాటి ఉండొచ్చు. ఆ కాగితం చూసి ఇంకా ఏడాది టైముందని కూర్చోకండి. పుట్టినరోజుతో హెచ్-4 అర్హత పోతుంది, ఐ-94లో ఏ తేదీ ఉన్నా సరే. ఇంకో మాట, ఐ-539 పెండింగ్‌లో ఉండగా బాబాయి కూతురి పెళ్లని ఇండియా పంపకండి. దేశం దాటితే ఆ దరఖాస్తు వదులుకున్నట్టే. ఆ తర్వాత కాన్సులేట్‌లో ఎఫ్-1 స్టాంపింగ్‌కు వెళ్తే, చదువయ్యాక తిరిగి వెళ్తావా అన్న ప్రశ్నకు తండ్రి గ్రీన్ కార్డు కోసం వేసిన ఐ-140 పక్కన పెట్టుకుని జవాబు చెప్పాల్సి వస్తుంది.

కాంగ్రెస్ సభ్యురాలి ఆఫీసు సంగతి. తప్పకుండా వెళ్లండి. ఆమె నియోజకవర్గంలో ఉంటే చాలు, సిటిజన్ కానక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ఎవరి కేసో వాళ్లే ప్రైవసీ రిలీజ్ ఫారం మీద సంతకం చేయాలి. మీ అమ్మాయి మేజర్ కాబట్టి ఐ-539 గురించైతే సంతకం ఆమెదే, మీది కాదు. ఆ ఆఫీసు యూఎస్‌సీఐఎస్‌ను ఆలస్యం ఎందుకని అడగగలదు, పోయిన నోటీసు తెప్పించగలదు, త్వరగా చూడమనే విన్నపాన్ని ముందుకు పంపగలదు. ఇవ్వమని మాత్రం ఆదేశించలేదు. మా ఒక్కరి కోసం ప్రైవేటు బిల్లు పెట్టించొచ్చా అని కూడా కొందరు అడుగుతారు. అవి మిగతా దారులన్నీ మూసుకుపోయిన, చాలా దయనీయమైన కేసులకే, అదీ ఎప్పుడో ఒకటి పాసవుతుంది. ఎఫ్-1 దారి తెరిచి ఉండగా దాని మీద టైము పెట్టకండి.

చివరగా, మీరు రాయని విషయం ఒకటి అడుగుతాను. మీ ఆవిడ ఎక్కడ పుట్టారు? గల్ఫ్‌లో పనిచేసిన తెలుగు కుటుంబాల్లో కువైట్‌లోనో, సౌదీలోనో పుట్టిన ఆడపిల్లలు చాలామందే ఉన్నారు. గ్రీన్ కార్డు క్యూలో పౌరసత్వం కాదు, పుట్టిన దేశం లెక్క. భార్య పుట్టిన దేశం కోటాను భర్త వాడుకోవచ్చు. ఆమె కువైట్‌లో పుట్టి ఉంటే మీరు ఇండియా క్యూలోనే ఉండరు. 2016 తేదీ ఎప్పుడో కరెంట్ అయినట్టే, అంటే వంతు వచ్చినట్టే, నలుగురికీ, ముగ్గురికీ ఎంతమంది ఉంటే అంతమందికీ కలిపి గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 గురించి మాట్లాడుకోవచ్చు. ఏళ్ల తరబడి ఇది గమనించని కుటుంబాలను నేను చూశాను. ఆమె పాస్‌పోర్టులో పుట్టిన చోటు, బర్త్ సర్టిఫికెట్‌లో ఉన్న ఊరు రెండూ చూసి నాకు రాయండి. అయితే ఈలోగా ఐ-20 పని మాత్రం ఆపకండి.