బీఎస్సీ నర్సింగ్ తర్వాత పల్లెలో పనిచేయాలనుకుంటే
చెల్లీ, నర్సింగ్ మూడో ఏడాదిలో ఉన్నానని, పల్లెలో పనిచేయాలని ఉన్నా ఇంట్లో సిటీ ఆసుపత్రే మేలంటున్నారని రాశావు. టెన్షన్ పడకు. డిగ్రీ అయ్యాక మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ పోస్టుకు ప్రయత్నించొచ్చు, అంటే పల్లెలోని ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రాన్ని (సబ్‌సెంటర్) చూసుకునే ఉద్యోగం. మైదాన ప్రాంతంలో 5,000, ఏజెన్సీలో 3,000 జనాభాకు ఒక సబ్‌సెంటర్ అన్నది లెక్క. బీపీ, షుగర్ చూడటం, గర్భిణుల పరీక్షలు, మందులివ్వడం అక్కడి పని. డాక్టర్ పక్కన ఉండరు. ఎవరిని వెంటనే పీహెచ్‌సీకి పంపాలో నువ్వే తేల్చుకోవాలి. అన్నిటికంటే బరువైన బాధ్యత అదే, దానికి ఇప్పటినుంచే సిద్ధపడు. ఈ పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టువే, ఆ మాట ఇంట్లో దాచకు.

సెలవుల్లో మీ ఊరి ఏఎన్ఎం గారిని అడిగి, టీకాల రోజున పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెంట ఉండు. ఆశా అక్కతో ఇళ్లకూ తిరుగు. ఆ తర్వాత అమ్మానాన్నలతో మాట్లాడు.