ఔట్‌సోర్సింగా, సొంత ఉద్యోగులా?

ప్రశ్న: మా ఊళ్లో చెత్త ఎత్తేవాళ్లు, నల్లా నీళ్లు వదిలేవాళ్లు అందరూ ఏజెన్సీ మనుషులే. ఇలాగైతే ఖర్చు తగ్గుతుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అన్నిటికీ ఒకే మాట చెల్లదమ్మా. రోడ్డు, బిల్డింగు లాంటివి కాంట్రాక్టుకు ఇవ్వొచ్చు, పని అయిపోతే అయిపోయినట్టే. నీళ్లు, పారిశుధ్యం మాత్రం ఏడాది పొడవునా ఉండేవి, పైగా ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన మనుషులున్న మన నల్లగొండ జిల్లాలో ఏ వాల్వు ఎంత తిప్పాలో, ఏ వీధి చివర నీళ్లు అందవో తెలిసినవాణ్ని టెండరు మారినప్పుడల్లా మార్చేస్తే నష్టం జనానికే. వీటికి సొంత ఉద్యోగులే ఉండాలి. జీతాలొక్కటే చూస్తే లెక్క తేలదు, ఏజెన్సీ కమీషన్ కూడా కలపండి. ఏజెన్సీ పీఎఫ్ ఎగ్గొడితే ఆ బాధ్యత పని చేయించుకున్న సంస్థ మీదా పడుతుంది. సమాచార హక్కు చట్టం, 2005 కింద ఏజెన్సీతో చేసుకున్న ఒప్పందం కాపీ మీ మున్సిపాలిటీని అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.