జీడికి పూత నిండుగా ఉంది, పిక్క నిలవడం లేదు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలం. నాలుగెకరాల జీడి తోట ఉంది. మా నాన్నగారు పిక్కలు నాటి పెంచిన చెట్లు. నవంబరులో వానలు ఆగకపోవడంతో పూత జనవరి ఆఖరుకు గాని రాలేదు. వచ్చాక మాత్రం చెట్టు నిండా పూసింది. మార్చి ఎండలకు సగం గెలలు ఎండిపోయాయి, గోలీకాయంత పిందెలూ రాలిపోయాయి. మంచు వల్లని కొందరు, దోమ వల్లని కొందరు అన్నారు. పూత మీద రెండుసార్లు పొద్దున్నే మందు కొట్టించాం. నిరుడు పది బస్తాలు వచ్చిన చోట ఈసారి నాలుగు కూడా రాలేదు. చెట్లు ముసలివైపోయాయి, కొట్టేసి సరుగుడు వేసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ చెట్లు కొట్టకండి. మీరు రాసినదాన్ని బట్టి లోపం చెట్టులో ఉన్నట్టు లేదు. చెట్టు నిండా పూసింది, కానీ పూయవలసిన కాలం దాటిపోయి పూసింది.

జీడి వేడి ప్రాంతపు చెట్టే. అయితే ఎండకు ఆకు ఓర్చుకున్నట్టు పువ్వు ఓర్చుకోలేదు. ఒక్కో గెలలో వందల పువ్వులుంటాయి, వాటిలో ఎక్కువ మగ పువ్వులే. పిక్క కట్టేది ఆడ, మగ భాగాలు రెండూ ఉన్న ద్విలింగ పువ్వు ఒక్కటే. చాలా చెట్లలో అవి వందకు పదీ ఇరవైకి మించవు. అవి ఉదయం తొమ్మిది, మధ్యాహ్నం రెండు మధ్య విచ్చుకుంటాయి, దాదాపు ఆ ఒక్క రోజులోనే పుప్పొడి అందాలి. జీడి పుప్పొడి జిగటగా ఉంటుంది కాబట్టి గాలికి ఎగరదు. తేనెటీగో, ఈగో, చీమో మోసుకురావాలి.

ఇప్పుడు ఈ పని డిసెంబరు, జనవరిలో కాకుండా మార్చి ఎండలో జరిగితే ఏమవుతుందో చూడండి. వేడి 34 డిగ్రీలు దాటి, మధ్యాహ్నం గాలిలో తేమ బాగా పడిపోతే పువ్వులు ఎండిపోతాయి. పడమటి గాలి తిరిగిన రోజుల్లో మీ వైపు జరిగేది ఇదే. పిందె గోలీకాయంత ఉన్నప్పుడు ఎండ 39 దాటితే అదీ రాలుతుంది. వరిలో ఇది మీకు తెలియనిది కాదు. పూత వేళ ఉష్ణోగ్రత 35 దాటితే పుప్పొడి పనికిరాక కొన్ని రకాల్లో తాలు గింజలు పెరుగుతాయి. ఏ పంటలోనైనా వేడికి ముందు దెబ్బతినేది సాధారణంగా పుప్పొడే. పువ్వు విచ్చకముందు, మొగ్గలో ఉండగానే ఆ నష్టం మొదలవుతుంది.

ఒక్క ఏడాది నష్టాన్ని చూసి ఇది వాతావరణ మార్పేనని చెప్పేయను. కానీ దేశం మొత్తం లెక్కల్లో 1901 తర్వాత పగటి వేడి అత్యధికంగా నమోదైన మార్చి 2022లో వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 2023లో, ఫిబ్రవరి కూడా అలాంటి రికార్డే సృష్టించింది. అవి రెండూ జీడి పూత, పిందె నెలలే. ఇంకోపక్క అక్టోబరు, నవంబరు వానలు సాగితే చెట్టు చిగుళ్లు వేస్తూనే ఉంటుంది, పూతకు రాదు. మీ తోటలో ఈసారి ఈ రెండూ కలిశాయి.

మంచు సంగతి. మంచు ఒక్కటే పువ్వును మాడ్చేయదు. మబ్బు, మంచు ఉన్న రోజుల్లో టీ దోమ పెరుగుతుంది, అది రసం పీల్చిన చోట జిగురు కారి నల్లటి మచ్చలు పడతాయి. మచ్చ గాని జిగురు గాని లేకుండా గెల కరకరలాడేలా ఎండితే అది వేడి దెబ్బ. ఈ తేడా చూడకుండా మందు కొట్టకండి.

అసలు మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది పొద్దున్నే పూత మీద కొట్టిన మందు. పిక్క కట్టించే ఈగలు తోటలో తిరిగే వేళ అది. ఎండ తీసుకుపోయినంత ఆ మందూ తీసుకుపోయి ఉండవచ్చు. వచ్చే ఏడాది లేత చిగుళ్లలో వందకు ఐదు, పది టీ దోమకు మాడినట్టు కనిపిస్తే లామ్డా సైహలోత్రిన్ 5 శాతం మందు లీటరు నీటికి 0.6 మిల్లీలీటర్లు కలిపి పూత రాకముందే కొట్టండి. ఇది తేనెటీగలకు విషం, పువ్వు విచ్చాక వాడకండి. పూతలో మందు తప్పనిసరైతే ఏది వాడాలో ఉద్యాన అధికారిని అడిగి, సాయంత్రం పొద్దువాలాక మాత్రమే కొట్టండి.

నీటి వసతి ఉంటే జనవరి నుంచి మార్చి దాకా పదిహేను రోజులకోసారి చెట్టుకు 200 లీటర్లు పోయండి. బోరు లేకపోతే ట్యాంకరుతో తోటంతా తడపడం ఖర్చే. అప్పుడు బాగా కాసే చెట్లకైనా పోయండి. రాలిన ఆకును తగలబెట్టకుండా పాదుల్లో పరవండి. ఇసుక నేలల్లో తేమ ఆరిపోకుండా అది చాలా ఆపుతుంది.

మీ నాన్నగారు పిక్క నాటి పెంచారన్నారు, అది మీకు మేలే. పిక్క నుంచి వచ్చిన చెట్లు ఒక్కోటి ఒక్కో వేళ పూస్తాయి. డిసెంబరులోనే పూసి, గెలకు నాలుగైదు పిక్కలు నిలిపే చెట్లు మీ తోటలో కొన్ని ఉండే ఉంటాయి. వాటి మానుకు రంగు పూసి గుర్తు పెట్టుకోండి. ఖాళీలు పూడ్చేటప్పుడు వాటి నుంచి కట్టిన అంట్లు కొన్ని, బి.పి.పి.-8 అనే బాపట్ల జీడి రకం అంట్లు కొన్ని కలిపి వేయండి. అన్నీ ఒకే రకం పెడితే ఒకే వారం పూస్తాయి, ఒకే ఎండకు పోతాయి.

పూత మొదలయ్యాక ఒకరోజు ఉదయం పది గంటలకు నాలుగు చెట్ల దగ్గరికి వెళ్లండి. ఆ రోజు విచ్చిన పువ్వు తెల్లగా ఉంటుంది, తర్వాత గులాబీ రంగుకు మారుతుంది. తెల్లవాటి రేకలు విడదీసి, అడుగున పచ్చటి అండాశయం ఉన్నవి ఎన్నో, లేనివి ఎన్నో లెక్కపెట్టండి. గెల మీద ఈగలు ఎన్ని వాలాయో కూడా చూసి, తేదీతో రాసుకుని నాకు పంపండి.