గ్రెనోబుల్ వెళ్తున్న మేనల్లుడికి: ఇంగ్లీషు సాయంతో ఫ్రెంచి

చిరంజీవి చిన్నోడికి మామయ్య ఆశీస్సులు.

ఫ్రాన్సులో, గ్రెనోబుల్‌లో సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. "క్లాసులన్నీ ఇంగ్లీషులోనేట, ఇంక వీడికి ఫ్రెంచెందుకురా" అని కూడా అంది. క్లాసులు ఇంగ్లీషులోనే జరుగుతాయి, కాదనను. కానీ గది అద్దె కాగితం, బ్యాంకు ఫారం, మందులషాపు, ఇవన్నీ ఫ్రెంచిలోనే. తులూజ్‌లో పదకొండేళ్ళు ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఫ్రెంచి నీకు బొత్తిగా రాదనుకుంటున్నావు కదా, అంత లేదు. నేషన్, స్టేషన్, అటెన్షన్, ఇన్ఫర్మేషన్ లాంటివి అక్కడా అవే స్పెల్లింగులతో ఉంటాయి. క్వాలిటీ వాళ్ళకి కాలితే, లిబర్టీ లిబెర్తే. 1066లో నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండుని గెలిచినవాళ్ళు తమ భాషని కోర్టుల్లో, కచేరీల్లో, వంటశాలల్లో దింపారు. మన రెవెన్యూ ఆఫీసులో తహశీల్దారు, జమాబందీ, దస్తావేజు పారసీ నుంచి వచ్చి కూర్చున్నట్టే. కొట్టంలో ఉన్నంతసేపూ గొర్రెకి ఇంగ్లీషు పేరే, కంచంలోకి రాగానే మటన్. అది ఫ్రెంచి మూతోఁ. ఆ గెలిచిన రాజు విలియంని ఫ్రెంచివాళ్ళు గియోమ్ అంటారు. ఇంగ్లీషువాళ్ళ 'వ' అక్కడ చాలాచోట్ల 'గ' అవుతుంది. వార్‌ని గేర్ అంటారు, కందిరీగకి వీళ్ళు వాస్ప్ అంటే వాళ్ళు గెప్ అంటారు.

ఇంకో కిటుకు. మీ అమ్మమ్మ ఇస్కూలు అనేది, గుర్తుందా? నేను నవ్వేవాణ్ణి. అక్కడికెళ్ళాక తెలిసింది, ఫ్రెంచివాళ్ళూ ఒకప్పుడు అదే పని చేశారని. 'స్' పక్కన ఇంకో హల్లుంటే పలకడానికి ముందొక అచ్చు తగిలించుకున్నారు, కొన్నాళ్ళకి ఆ 'స్' కాస్తా రాలిపోయింది. అలా స్కూల్ వాళ్ళకి ఎకోల్, స్టేట్ ఎతా, స్పైస్ ఎపీస్, స్టూడెంట్ ఎత్యుదియాఁ. ఎ మీద గీతతో మొదలయ్యే మాట కనిపిస్తే, ఎ తీసేసి ఎస్ పెట్టి చూడు, చాలాసార్లు తాళం తెరుచుకుంటుంది. అలాగే అచ్చు నెత్తిన చిన్న టోపీ ఉంటే, అక్కడ తరచు ఒక ఎస్ పోయిందన్నమాట. హాస్పిటల్ ఒపితాల్, ఫారెస్ట్ ఫొరే, ఫీస్ట్ ఫెత్ అయింది అలాగే.

ఇంతవరకూ సుఖమే. ఇక మోసం చేసే మాటలకొస్తాను. పేపర్లో కనిపించే పెద్ద పెద్ద మాటల్ని మాత్రం ధైర్యంగా నమ్ము. నీ గదికీ, నీ జేబుకీ, నీ చదువుకీ సంబంధించిన మాటైతే ఒక్క నిమిషం ఆగు. గోడ మీద లొకాసియోఁ అని ఉంటే చోటు కాదు, అద్దెకిచ్చేది. కోసియోఁ అంటే జాగ్రత్త అని హెచ్చరిక కాదురా, నువ్వు కట్టాల్సిన అడ్వాన్సు. స్తాజ్ అంటే ఇంటర్న్‌షిప్. లిసాఁస్ అంటే డిగ్రీ, బండి లైసెన్సుని పెర్మి అంటారు. కొలేజ్ అంటే పదకొండు నుంచి పదిహేనేళ్ళ పిల్లలు చదివే బడి, నీ బయోడేటాలో కాలేజీ అని రాసేముందు చూసుకో. మొనే అంటే చిల్లర. లిబ్రెరీలో పుస్తకాలు అమ్ముతారు, ఊరికే ఇవ్వరు. అన్నిటికంటే ముఖ్యమైంది పాసే. పరీక్ష "పాసే" చేశానంటే రాశానని మాత్రమే. నేను మొదటి ఏడాది ఫ్రెంచి పరీక్ష పాసయ్యానని ఆఫీసులో స్వీట్లు పంచితే, "రిజల్టు ఎప్పుడు?" అని అడిగారు.

ఆవకాయ సంగతి మీ అమ్మకి కూడా చెప్పలేదు. వెళ్ళిన కొత్తలో మా ఇంటి ఓనరు, డెబ్బై ఏళ్ళ పెద్దావిడ, భోజనానికి పిలిచింది. వట్టి చేతులతో ఎలా వెళ్తామని ఒక సీసా ఆవకాయ తీసుకెళ్ళాను. మూత తీసి, ఇంట్లో పట్టింది, ఇందులో ప్రెజర్వేటివ్‌లు లేవు అని చెప్పాలనుకుని, "సాఁ ప్రెజెర్వాతిఫ్" అన్నాను గర్వంగా. బల్ల చుట్టూ ఆరుగురున్నారు, అందరి ఫోర్కులూ ఆగిపోయాయి. ఆవిడ సీసాకేసి చూసి, నాకేసి చూసి, "అదృష్టం" అంది. ఆ మాటకి అక్కడ కండోమ్ అని అర్థం. నిలవ ఉంచే మందుని కోఁసెర్వాతర్ అనాలి. ఆవిడ మాత్రం చచ్చిపోయేదాకా ఆ సీసాని ఆ పేరుతోనే అడిగేది.

చూసి గుర్తుపట్టడం వేరు, విని గుర్తుపట్టడం వేరు. నేను నెలలో పేపరు చదివేశాను గానీ రొట్టె కొనుక్కోలేకపోయాను. బేకరీ అమ్మాయి "అవెక్ సెసీ?" అంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంకేమైనా కావాలా అని అడుగుతోందిట. చివరి హల్లులు చాలావరకు మింగేస్తారు, 'న్' ముక్కులోకి పోతుంది. అందుకని మాట రాసుకున్నప్పుడల్లా పక్కనే తెలుగులో ఉచ్చారణ రాసుకో. మన అక్షరమాలలో మూలన పడేసిన అరసున్న ఇక్కడ భలేగా పనికొచ్చింది. రొట్టె పేఁ, డబ్బు అర్జాఁ, చెయ్యి మేఁ. ఇంగ్లీషు లిపిలో రాసుకుంటే ఈ పేఁ నీకు 'పెయిన్', అంటే నొప్పిలాగే కనిపిస్తుంది.

ఫ్రెంచిలో వస్తువుల పేర్లకి కూడా ఆడ, మగ తేడా ఉంటుంది, ఆడవాటి ముందు 'ల', మగవాటి ముందు 'లె' వస్తుంది. అందుకని మాటతో పాటు 'ల', 'లె' కూడా కలిపి రాసుకో. లె లివ్ర్ అంటే పుస్తకం, ల లివ్ర్ అంటే అరకిలో. నేషన్, స్టేషన్ లాంటి షన్ మాటలు దాదాపు అన్నీ ఆడవే, అది ఒక్కటీ తేలిక.

ఇంగ్లీషు చేతులెత్తేసి తెలుగు ఆదుకునే చోటు ఒకటుంది. త్యు అంటే నువ్వు, వు అంటే మీరు. ఎవరిని ఏమనాలో అమెరికా కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి తడబడతారు, నీకు ఒకరు చెప్పక్కర్లేదు. తోటి స్టూడెంట్లని త్యు అను, ఆఫీసులో వాళ్ళని, ఇంటి ఓనర్ని వు అను. ప్రొఫెసర్ త్యు అనమని చెప్పినా మొదట్లో నీకు నోరు రాదు, ఫరవాలేదు.

టికెట్ తేదీ ఖాయమయ్యాక ఫోన్ చెయ్యి. నా పాత నోటుబుక్కు కాకినాడ బస్సులో పంపిస్తాను. అట్ట ఊడింది గానీ లోపలి పేజీలన్నీ ఉన్నాయి.

మామయ్య