సొంతంగా పని చేసుకునే తాపీ మేస్త్రికి, వడ్రంగికి ‘శ్రమరత్న’ అవార్డు వస్తుందా?

రాదు. ఎంత నైపుణ్యం ఉన్నా రాదు, ఎందుకంటే 1985లో మొదలైన ప్రధానమంత్రి శ్రమ్ అవార్డుల పరిధిలోకే వాళ్లు రారు. శ్రమరత్న, శ్రమభూషణ్, శ్రమవీర్, శ్రమశ్రీ అన్నీ 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ‘కార్మికుడు’ అని గుర్తించినవాళ్ల కోసం పెట్టినవే. అదీ ప్రభుత్వ రంగ సంస్థల్లోనో, కనీసం 500 మంది పనిచేసే ప్రైవేటు ఫ్యాక్టరీల్లోనో ఉండాలి. పేరు పంపాల్సింది యాజమాన్యం. రోజుకో ఇంట్లో పని చేసే మేస్త్రి పేరు ఎవరు పంపుతారు? ఇది సరిదిద్దాల్సిన లోపమే.

పద్మ పురస్కారాలకు మాత్రం వృత్తి అడ్డు కాదు. ఆలేరు దగ్గరి శారాజీపేట చేనేత కార్మికుడు చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపేశారు. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు నూలును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేత్తో వేలసార్లు తిప్పాలి. తల్లి భుజం నొప్పి చూసి, ఆసు పోయడం అనే ఆ పనికి యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఎమ్మెల్యేనో మంత్రో సిఫారసు చేస్తేనే పద్మ వస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ అయిన రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో ఎవరైనా ఎవరి పేరైనా, తమ పేరైనా, 800 పదాల్లోపు వివరంతో పంపవచ్చు.