వంద పిన్నుల ప్యాకెట్ ఊరి నుంచి తెప్పించుకోవచ్చా?

ప్రశ్న: ఈమధ్యే విజయనగరం నుంచి ఓర్లాండో వచ్చాం. మా అబ్బాయికి డిస్నీ పిన్నులు, అంటే చొక్కాకి గుచ్చుకునే డిస్నీ బొమ్మల చిన్న లోహపు బ్యాడ్జీలు, పార్కులో ఉద్యోగులతోనూ తోటివాళ్లతోనూ ఒకటిచ్చి ఒకటి మార్చుకోవడం మీద మనసు పడింది. దుకాణంలో ఒక్కోటి పది డాలర్ల పైమాటే. ఊళ్లో మా తమ్ముడు ఆన్‌లైన్‌లో వంద పిన్నుల ప్యాకెట్ బాగా చవగ్గా చూశాడట. వచ్చే నెల అమ్మా నాన్నా వస్తున్నారు. వాళ్ల చేత తెప్పించుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. పిన్ను ఒక్కోటి డాలరు లోపే పడుతోందంటే ఆ ప్యాకెట్‌లో ఉన్నవి దాదాపు అన్నీ నకిలీవే. ఇక్కడ పిన్నులు పోగుచేసేవాళ్లు వాటిని స్క్రాపర్లు అంటారు. పైగా నకిలీ ట్రేడ్‌మార్క్ ఉన్న సరుకును జప్తు చేసే అధికారం అమెరికా కస్టమ్స్‌కి ఉంది. అంత దూరం ప్రయాణం చేసి దిగిన పెద్దవాళ్లను, వాళ్లకేమీ తెలియని వస్తువు గురించి జవాబు చెప్పుకునే స్థితిలో పెట్టకండి.

డిస్నీ పార్కుల్లో ఈ మార్పిడి 1999లో మొదలైంది. నకిలీలు రకరకాల దారుల్లో వస్తాయి. ఫ్యాక్టరీలో తనిఖీకి నిలవక పక్కన పడేసినవి బయటికి జారతాయి. ఆర్డర్ అయిపోయాక అదే అచ్చుతో దొంగచాటుగా ఇంకొన్ని పోస్తారు. అసలు పిన్ను చూసి కొత్త అచ్చు చేసుకునేవాళ్లూ ఉన్నారు. ఈ చివరి రకంలో గీతలు మొద్దుబారి, కళ్లూ ముక్కూ కాస్త పక్కకు జరిగి ఉంటాయి కాబట్టి సులువుగా దొరికిపోతుంది. మొదటి రెండూ అసలుకి బాగా దగ్గరగా ఉంటాయి, వాటితోనే చిక్కు.

పొందూరు ఖద్దరు కొనేటప్పుడు వెనక్కి తిప్పి, వేళ్ల మధ్య నలిపి చూస్తాం కదా, పిన్నునీ అలాగే చూడాలి. ముందు అధికారిక దుకాణంలో ఒక అసలు పిన్ను కొని నమూనాగా దగ్గర ఉంచుకోండి. కొత్తదాన్ని దాని పక్కన పెట్టి పగటి వెలుతురులో, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. రంగు ఒక గడిలోంచి పక్క గడిలోకి పాకిందా? ఎనామిల్‌లో, అంటే మెరిసే రంగు పూతలో, గుంటలు, బుడగలు, నల్లటి మచ్చలు ఉన్నాయా? వేలితో అంచు చుట్టూ తడమండి. నకిలీ అంచు గరుగ్గా, ఒక్కోచోట గుచ్చుకునేలా ఉంటుంది. ఒకే సైజు అసలు పిన్నుతో పోలిస్తే చాలావాటికి బరువూ తక్కువే.

ఇప్పుడు వెనక్కి తిప్పండి. చాలా పార్కు పిన్నుల వెనక చిన్న చిన్న మిక్కీ తలల అల్లిక ఉంటుంది. అసలువాటిలో అది సాధారణంగా అంచుదాకా సాగి, అంచు దగ్గర తల సగంలో తెగినట్టు కనిపిస్తుంది. నకిలీల్లో తరచుగా అల్లిక ముందే ఆగిపోయి, చుట్టూ గట్టులా ఒక అంచు మిగులుతుంది. సూది పక్కన పిన్ను తిరగకుండా పట్టి ఉంచే చిన్న బొడిపెలు ఉన్నాయో లేదో చూడండి. కాపీరైట్ గుర్తు, డిస్నీ పేరు స్పష్టంగా చదవగలగాలి. హిడెన్ మిక్కీ వరుస పిన్నయితే ముందువైపు ఎక్కడో మూడు గుండ్రాల చిన్న మిక్కీ తల ఉండాలి. నకిలీలో అది లేకపోవచ్చు, లేదా రంగు పూసుకుపోయి ఉండవచ్చు.

ఏ ఒక్క గుర్తునీ పట్టుకుని తీర్పు చెప్పకండి. పాత అసలు పిన్నుల్లో కొన్నిటికి వెనక అల్లికే ఉండదు. రెండు సూదులున్న పెద్ద పిన్నుకి బొడిపెల అవసరం లేదు. అంచుదాకా అల్లిక ఉన్న నకిలీలూ వచ్చాయి. రెండు మూడు లోపాలు ఒకే పిన్నులో కలిస్తేనే పక్కన పెట్టండి.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇంకోచోట. పార్కులో ఉద్యోగి మెడలో మార్పిడి పిన్నులు గుచ్చుకున్న పట్టీ నుంచి తీసుకున్నాం కాబట్టి అసలుదే అనుకుంటారు. చవక ప్యాకెట్లు కొన్నవాళ్లు తెచ్చి మార్చేది ఆ ఉద్యోగుల దగ్గరే, పార్కులో మార్పిడికి పిన్నులు గుచ్చి ఉంచే బోర్డుల మీదే. అందుకే అక్కడ నకిలీలు బాగా పేరుకున్నాయి. మీ అబ్బాయి అసలు పిన్నిచ్చి నకిలీ తెచ్చుకునే ప్రమాదం నిజంగానే ఉంది. పట్టీని తను ముట్టుకోకుండా, వెనకవైపు చూపించమని మర్యాదగా అడగమనండి. చూపిస్తారు. తను దుకాణంలో ఇష్టపడి కొనుక్కున్నదాన్ని మార్పిడికి పెట్టకుండా దాచుకోమనండి.

మొదట మెడపట్టీతో కలిపి అమ్మే చిన్న సెట్ ఒకటి పార్కులోనో, డిస్నీ సొంత దుకాణంలోనో కొనండి. నాలుగైదు పిన్నులతో పిల్లవాడు హాయిగా మొదలుపెట్టవచ్చు. ఈబేలాంటి చోట కొంటే, అమ్మే పిన్నుకే ముందూ వెనకా ఫోటోలు అడగండి. నూటికి నూరు శాతం మార్చుకోవచ్చు, ఒకే పిన్ను రెండుసార్లు రాదు అని గట్టిగా రాసి, వెనకవైపు మాత్రం చూపించని ప్రకటనలు వదిలేయండి. వెనక 300 మాత్రమే అని ముద్ర ఉన్న లిమిటెడ్ ఎడిషన్ పిన్నులు ఒకే మనిషి దగ్గర పదుల కొద్దీ ఉంటే అదీ అనుమానమే. ఈబేలో నకిలీ వస్తే, సరుకు అందిన 30 రోజుల్లోపు రెండువైపుల ఫోటోలతో రిటర్న్ అడగండి.

ఇప్పటికే చేతికొచ్చిన నకిలీలను మళ్లీ మార్పిడికి పెట్టకండి, అవతల తీసుకునేదీ చాలాసార్లు ఇంకో పిల్లవాడే. మీ తమ్ముడు డబ్బు కట్టేసి ఉంటే, సరుకు బయలుదేరకముందే ఆర్డర్ రద్దు చేయమని ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.