రీల్స్ ఆపలేకపోతున్నారంటే పట్టుదల లేనట్టేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పడుకునే ముందు ఐదు నిమిషాలని రీల్స్ తెరిస్తే ఒంటిగంట అవుతోంది. యాప్ రెండుసార్లు తీసేశారు, మూడోరోజుకే మళ్ళీ వేసుకున్నారు. మీలో పట్టుదల లేదేమోనని అనుమానం.

పట్టుదల సంగతి తర్వాత. ఈ రాత్రి ఫోన్ పక్కన పెట్టగానే, చివరగా చూసిన పది రీల్స్‌లో ఎన్ని గుర్తున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టండి. సాధారణంగా రెండో మూడో వస్తాయి. మిగతావి మీకు నచ్చి చూసినవి కావు. ఇంకోటి చూద్దామనే తహతహ వేరు, చూస్తున్నప్పటి సంతోషం వేరు. మిషిగన్ యూనివర్సిటీలో మెదడు మీద పరిశోధన చేసే కెంట్ బెరిడ్జ్ దీన్ని ఎలుకల్లో చూపించాడు. మెదడులో కావాలనిపించేలా చేసే డోపమైన్ అనే రసాయనం దాదాపు లేకుండా చేస్తే ఎలుకలు ఎదురుగా ఉన్న తిండి కూడా ముట్టవు. అదే నోట్లో తియ్యటి నీళ్ళు పోస్తే మామూలు ఎలుకల్లాగే మూతి నాక్కుంటాయి. రుచి తెలుస్తూనే ఉంది, కావాలనిపించడమే పోయింది. మీది దీనికి తిరగేసిన కేసు. రుచి పన్నెండింటికే అయిపోతుంది, కావాలనిపించడం మాత్రం ఒంటిగంట దాకా నడుస్తుంది.

(అందుకే ఈ మధ్య వినిపిస్తున్న "డోపమైన్ డిటాక్స్" మాటని పట్టించుకోకండి. ఒంట్లోంచి కడిగేయడానికి అదేమీ విషం కాదు. అది బాగా తగ్గితే చెయ్యి కదపడమే కష్టమవుతుంది, పార్కిన్సన్స్ రోగుల్లో జరిగేది అదే.)

ఇక ఆ తహతహ ఎక్కడినుంచి వస్తుందంటే, మంచి రీల్ ఎప్పుడు తగులుతుందో తెలియకపోవడంలోంచి. ఒకటి చప్పగా ఉంటుంది, రెండోదీ అంతే, ఏడోది చూసి పకపకా నవ్వుతారు. ఏడూ బాగుంటే ఇంత పట్టుండదు. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన గుండాట చూసిన వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, అప్పుడప్పుడు తగిలే పందెమే మనిషిని అక్కడ నిలబెడుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాల చేత మీట పొడిపించి 1957 నాటికే ఈ లెక్కలన్నీ అచ్చువేశాడు. గింజ ఎన్నో పోటుకి వస్తుందో తెలియనప్పుడే పావురం ఎక్కువగా, ఆగకుండా పొడుస్తుంది. దీనికి తోడు పేజీకి అడుగు లేకుండా పోయింది. కిందకి లాగేకొద్దీ వస్తూనే ఉండే పద్ధతిని 2006లో తయారుచేసిన ఏజా రాస్కిన్, తర్వాత తనే దానికి నొచ్చుకున్నాడు. పేపరు చదివితే చివరి పేజీ వస్తుంది, లేచి కాఫీ పెట్టుకుంటాం. ఇక్కడ లేవడానికి ఆ సందే దొరకదు.

ఇప్పుడు పట్టుదల. పిల్లల ముందు మిఠాయి పెట్టి, ఆగితే రెండోది ఇస్తామన్న స్టాన్‌ఫర్డ్ ప్రయోగం అందరికీ తెలుసు. అందులో ఎక్కువసేపు ఆగిన పిల్లలు పళ్ళు బిగబట్టుకుని మిఠాయి వంక చూస్తూ కూర్చున్నవాళ్ళు కాదు. కళ్ళు మూసుకున్నవాళ్ళు, అటు తిరిగి పాటలు పాడుకున్నవాళ్ళు. మిఠాయిని కనపడకుండా కప్పేస్తే మిగతా పిల్లలు కూడా బాగా ఆగారు. అలా ఆగినవాళ్ళే తర్వాత చదువులో ముందున్నారని మొదట్లో చెప్పారు. కానీ 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లల లెక్కలు తీసి చూస్తే, ఆ ఆగడానికీ తర్వాతి చదువుకీ ఉన్న సంబంధం మొదట అనుకున్నదాంట్లో సగమే తేలింది. కుటుంబ పరిస్థితులు లెక్కలోకి తీసుకుంటే ఇంకా తగ్గింది. కాబట్టి మిమ్మల్ని మీరు తిట్టుకోవడం మాని, చేతికీ ఫోనుకీ మధ్య దూరం పెంచండి.

మొదటి వారం ఏమీ మార్చకండి, లెక్క మాత్రం చూడండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అందులో డిజిటల్ వెల్‌బీయింగ్, అందులో డాష్‌బోర్డ్. గంటల కన్నా ఆ యాప్ ఎన్నిసార్లు తెరిచారన్నది చూడండి. ఎక్కడ తెరిచారో కాగితం మీద రాసుకోండి: మంచం మీదా, బాత్రూంలోనా, బస్సులోనా. చాలామందికి రెండు మూడు చోట్లే తేలతాయి. బస్సులో చూసేదాని జోలికి వెళ్ళకండి, అన్నీ ఒకేసారి మానేద్దామనుకున్న వాళ్ళకి ఏదీ నిలవదు. మీ విషయంలో ముందు సరిచేయాల్సింది మంచం.

ఛార్జర్‌ని పడకగదిలోంచి తీసి హాల్లో పెట్టండి. అలారం కోసం ఫోన్ కావాలంటారు, మామూలు అలారం గడియారం కొనుక్కోండి. రాత్రివేళ ఊళ్ళో అమ్మానాన్నల నుంచి ఫోన్ వస్తే ఎలా అన్నది న్యాయమైన భయమే. డు నాట్ డిస్టర్బ్ పెట్టి వాళ్ళ నంబర్లకి మినహాయింపు ఇచ్చి, రింగ్ పెద్దది చేసి తలుపు తీసి ఉంచండి. పదిహేను నిమిషాల లోపు రెండోసారి చేసిన వాళ్ళ ఫోన్ మోగే సదుపాయం కూడా అందులోనే ఉంటుంది, ఆన్ చేసుకోండి.

యాప్ టైమర్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. అందులో పెద్ద కన్నం ఉంది. రోజుకి ముప్ఫై నిమిషాలు పెట్టుకుని పదకొండుకి తెరిస్తే పదకొండున్నరకి యాప్ మూసుకుంటుంది, అర్ధరాత్రి దాటగానే కొత్త రోజు ముప్ఫై నిమిషాలు వచ్చి పడతాయి. మెలకువగా ఉన్నవాడికి అది పండగే. పైగా టైమర్ పెట్టింది మీరే కాబట్టి తీసేయడం కూడా మీ చేతిలోనే ఉంది. ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్‌ని ఇంట్లో ఇంకొకరి చేత పెట్టించుకోవచ్చు. కానీ భార్యాభర్తల మధ్య ఇది త్వరలోనే పోలీసు డ్యూటీగా మారి రోజూ గొడవవుతుంది. తమ్ముడో, స్నేహితుడో అయితే నయం.

మీరు యాప్ తీసేసినా నిలవకపోవడానికి రెండు కారణాలు. ఒకటి, పాస్‌వర్డ్ ఫోన్‌లోనే దాచి ఉండటం. యాప్ వేసిన నిమిషంలో లోపలికి వెళ్ళిపోతారు. దాచిన పాస్‌వర్డ్ చెరిపేసి, కొత్తది పొడుగ్గా పెట్టి, పుస్తకంలో రాసి అటక మీద పెట్టండి. అర్ధరాత్రి స్టూలు వేసుకుని ఎక్కేంత ఓపిక ఎవరికీ ఉండదు. రెండోది, ఆ గంట ఖాళీగా మిగలడం. ఆ ఖాళీలోకి ఏం వస్తుందో ముందే అనుకోవాలి, అది గొప్ప పని కానక్కర్లేదు. రేపటి కూర తరిగి పెట్టుకోవడం, రేడియో వినడం, ఏదైనా సరే, దానికో ముగింపు ఉండాలి.

మూడు నాలుగు రోజులు చెయ్యి దానంతటదే దిండు కిందకి పోతుంది. కంగారు పడకండి. రెండోవారం డాష్‌బోర్డ్ మళ్ళీ చూడండి, ఎందుకంటే తహతహ ఇల్లు మారుతుంది. రీల్స్ తగ్గి, షార్ట్స్ పెరిగుంటాయి, లేదా షాపింగ్ యాప్. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపేసి, పాతదంతా చెరిపేస్తే హోం పేజీ బోసిగా అయిపోతుంది, కావలసింది వెతుక్కుని చూడాలి. షాపింగ్ యాప్‌లో దాచిన కార్డు తీసేసి, నచ్చింది కార్ట్‌లో వేసి రెండు రోజులు వదిలేయండి.

ఇదంతా రీల్స్‌కి. డబ్బు పెట్టి ఆడే ఆటల దాకా వెళ్ళి ఉంటే, లేదా ఫోన్ హాల్లో పెట్టినా వారాల తరబడి నిద్ర పట్టకపోతే, ఈ సెట్టింగులు చాలవు. 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.